అత్తమ్మా, ఆరేళ్ల పిల్లాడూ, రెండు మ్యాచ్‌లూ, ఒక అడవీ

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ, ఉద్యోగాల వల్ల ఇప్పుడు మియాపూర్‌లో ఉంటున్నాం. నాకు క్రికెట్ పిచ్చి, మా ఆయనకి కెమెరా పిచ్చి, నిరుడు పెద్ద లెన్స్ కొన్న దగ్గర్నుంచి ఆదివారం వస్తే చాలు అనంతగిరి కొండలే. 2027 అక్టోబర్, నవంబర్‌లో వన్డే వరల్డ్ కప్ సౌతాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో అని తెలిసినప్పట్నుంచీ ఇద్దరి పిచ్చీ ఒకే ట్రిప్‌లో తీర్చుకుందామని చూస్తున్నాం. మా ఆయన రాసిన లిస్టు ఇదీ: మొత్తం పన్నెండు రోజులు, జొహన్నెస్‌బర్గ్‌లో మ్యాచ్, క్రూగర్‌లో రెండు రాత్రులు, కేప్‌టౌన్‌లో మ్యాచ్, విక్టోరియా జలపాతం, డర్బన్‌లో ఇంకో మ్యాచ్. బాబుకి 2027 జులైకి ఆరేళ్లు నిండుతాయి. మా అత్తమ్మ కూడా వస్తా అంటున్నారు, 66 ఏళ్లు, షుగర్ ఉంది, మోకాళ్ల నొప్పులు, నీచు ముట్టరు. కుదిరే పనేనా?

జవాబు: చెల్లీ, కుదురుతుంది, కానీ మీ ఆయన రాసిన లిస్టుతో మాత్రం కుదరదు. ఆ లిస్టు చదువుతుంటే నాకే కాళ్లు పీకాయి, ఇంక మీ అత్తమ్మ మోకాళ్ల సంగతి చెప్పాలా. జొహన్నెస్‌బర్గ్ నుంచి కేప్‌టౌన్ అంటే గాల్లో కొలిస్తే హైదరాబాద్ నుంచి ఢిల్లీ అంత దూరం, మ్యాప్ మీద బెత్తెడే కనిపిస్తుంది కాబట్టి మన మగవాళ్లకి అన్నీ పక్కపక్కనే అనిపిస్తాయి. పన్నెండు రోజుల్లో రానూ పోనూ ప్రయాణానికే మూడు పోతే మిగిలిన తొమ్మిదిలో మూడు మ్యాచ్ రోజులు, నాలుగు ఎయిర్‌పోర్టు రోజులు, అడవికీ జలపాతానికీ కలిపి మిగిలేది రెండే రోజులు, రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

మా ఆయన ఉద్యోగం వల్ల మేము 2007 నుంచి ఏడేళ్లు జొహన్నెస్‌బర్గ్‌లో ఉన్నాం, బంధువులొస్తే తిప్పడం నా డ్యూటీ, అలా ఎన్నిసార్లు చేసుంటానో ఈ మ్యాచ్ ప్లస్ సఫారీ ట్రిప్పులు. అన్నిసార్లు దెబ్బలు తిన్నాక నాకు అర్థమైంది ఒక్కటే, పార్కుని పేరు చూసి ఎంచుకోకూడదు, గ్రౌండ్ చూసి ఎంచుకోవాలి. నీ మ్యాచ్ ఏ ఊళ్లో పడితే ఆ ఊరికి రెండు మూడు గంటల దూరంలో ఏ అడవి ఉందో అదే నీ అడవి. క్రూగర్ పెద్దదే, దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు, ప్రపంచమంతా దాని పేరే చెబుతుంది, కాదనను. కానీ జొహన్నెస్‌బర్గ్ నుంచి స్కుకుజా క్యాంపుకి కారులో ఐదారు గంటలు, లోపల తారు రోడ్డు మీద స్పీడు 50 దాటకూడదు, సాయంత్రం ఆరు, ఆరున్నరకల్లా గేట్లు మూసేస్తారు, లేటైతే ఫైన్ కట్టి తిట్లు తినాలి. రెండు రాత్రుల కోసం అంత దూరం వెళ్తే ఒక రోజంతా కారులోనే పోతుంది. దానికి తోడు అది మలేరియా ఉండే ప్రాంతం, అక్టోబర్, నవంబర్ అంటే సీజన్ మొదలైపోయినట్టే. ఆరేళ్ల పిల్లాడు, షుగర్ ఉన్న పెద్దావిడ, మలేరియా మాత్రలు అందరికీ ఒకటే పడవు, కొన్ని చిన్నపిల్లలకి ఇవ్వనే ఇవ్వరు. మీ ఇద్దరే వెళ్తుంటే క్రూగర్ వెళ్లు అనేదాన్ని, ఈ టీమ్‌తో మాత్రం వద్దు.

మరి ఏది? జొహన్నెస్‌బర్గ్ వాండరర్స్ గ్రౌండ్‌లో గానీ దగ్గర్లోని సెంచూరియన్‌లో గానీ మ్యాచ్ టికెట్లు దొరికితే కళ్లు మూసుకుని పిలానెస్‌బర్గ్ పెట్టుకో. రెండు, రెండున్నర గంటల డ్రైవ్, మలేరియా లేదు, సన్ సిటీ పక్కనే. ఎప్పుడో వంద కోట్ల ఏళ్లకి పైగా కిందట చల్లారిపోయిన అగ్నిపర్వతం, దాని గుండ్రటి కొండల వలయాల మధ్య ఉంటుంది పార్కు, సైజు 550 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే తిరగడానికి మరీ పెద్దదీ కాదు విసుగొచ్చేంత చిన్నదీ కాదు. ఒకప్పుడు అక్కడ పొలాలుండేవి, 1979లో కంచె వేసి ఆపరేషన్ జెనిసిస్ అని పేరు పెట్టి దాదాపు ఆరు వేల జంతువుల్ని లారీల్లో తెచ్చి వదిలారు. మధ్యలో మాంక్వే అని ఒక చెరువు, దాని ఒడ్డున కూర్చుని చూడ్డానికి చెక్కతో కట్టిన మాటు, అందులో మీ ఆయన్ని లెన్స్‌తో సహా వదిలేసి నువ్వు రెండు గంటలు ప్రశాంతంగా ఉండొచ్చు.

ఆ పార్కులో ఏనుగుల కథ ఒకటుంది, క్రికెట్ పిచ్చోళ్లకి చెప్తే బాగా అర్థమవుతుంది. మొదట్లో పెద్ద ఏనుగుల్ని తేవడానికి అంత పెద్ద లారీలు లేక, క్రూగర్‌లో గున్న ఏనుగుల్ని మాత్రమే పట్టి తెచ్చారు. పెద్దలు లేకుండా పెరిగిన ఆ కుర్ర మగ ఏనుగులు 1990లలో ఈడొచ్చేసరికి మదమెక్కి పార్కులో ఖడ్గమృగాల్ని పొడిచి చంపడం మొదలుపెట్టాయి, ఒకటీ రెండూ కాదు, పదుల్లో. ఏం చేయాలో తెలీక తలలు పట్టుకుని చివరికి 1998లో క్రూగర్ నుంచి ఆరు పెద్ద మగ ఏనుగుల్ని తెచ్చి వదిలితే కుర్రాళ్లంతా తోక ముడుచుకుని బుద్ధిగా తయారయ్యారు, చంపడాలు ఆగిపోయాయి. డ్రెస్సింగ్ రూమ్‌లో సీనియర్లు ఎందుకుండాలి అని ఎవరైనా వాదనకి దిగితే నేను ఈ కథే చెప్తా.

డబ్బు ఇంకొంచెం పెట్టగలం అనుకుంటే మాదిక్వే. బోట్స్‌వానా సరిహద్దులో ఉంటుంది, జొహన్నెస్‌బర్గ్ నుంచి నాలుగు గంటల పైనే, అదీ మలేరియా లేనిదే, 1991లో పెట్టారు, ఇదీ పొలాల్ని అడవిగా మార్చిందే. అక్కడ ఎవరి కారు వాళ్లు వేసుకుని తిరగడానికి లేదు, లాడ్జిలో దిగినవాళ్లే, వాళ్ల రేంజర్లే తిప్పుతారు, ఆఫ్రికా అడవికుక్కలు, అదే ఒంటి నిండా మచ్చలుండేవి, వాటికి పేరున్న చోటు. లాడ్జి రేటు మనిషికి రాత్రికి పాతిక వేల నుంచి లక్ష రూపాయల దాకా ఉంటుంది, తిండి, రోజుకి రెండు డ్రైవ్‌లు అందులోనే. రేటు చూసి గుండె ఆగితే పిలానెస్‌బర్గ్‌కి తిరిగొచ్చెయ్, అక్కడ గేటు దగ్గర రిసార్టులో దిగి, ఉదయం డ్రైవ్ గైడ్‌తో బుక్ చేసుకుని, సాయంత్రం మీ అద్దె కారులో మీరే తిరగొచ్చు. మనలాగే అక్కడా ఎడమ వైపు డ్రైవింగే, ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు పనికొస్తుంది కానీ ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తీసుకెళ్తే రెంటల్ కౌంటర్ దగ్గర నస తప్పుతుంది. చీకటి పడ్డాక హైవే ఎక్కొద్దు, ఇది దొంగల భయం ఒక్కటే కాదు, పశువులూ గుంతలూ కూడా. సిటీలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీటు మీద బ్యాగు, ఫోన్, ముఖ్యంగా ఆ కెమెరా, ఏదీ కనపడకూడదు, అంతా డిక్కీలోనే.

ఇప్పుడు బాబు సంగతి. ఇది చాలామంది బుకింగ్ అయ్యాక తెలుసుకుని ఏడుస్తారు. ఓపెన్ జీపు డ్రైవ్‌లకి ఆరేళ్లలోపు పిల్లల్ని చాలాచోట్ల ఎక్కించుకోరు, క్రూగర్ లాంటి నేషనల్ పార్కుల గైడ్ డ్రైవ్‌లకీ ఇదే రూలు. మీవాడికి జులైలో ఆరు నిండుతాయి కాబట్టి గీత దాటాడు, కానీ కొన్ని ప్రైవేట్ లాడ్జిలు ఎనిమిది అంటాయి, కొన్ని పన్నెండు అంటాయి, కాబట్టి డబ్బు కట్టకముందే మెయిల్‌లో పుట్టినతేదీతో సహా రాసి అడుగు, జవాబు దాచిపెట్టుకో. మా ఆడపడుచు పిల్లకి ఆరేళ్లకి నెల తక్కువని ఒక లాడ్జివాళ్లు ఎక్కించుకోనంటే, వాళ్లమ్మ ఆ పిల్లతో రూములోనే కూర్చుంది, మేమంతా సింహాలు చూసొచ్చాం, ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎదురుపడితే అదే దెప్పుతుంది. ఇంకోటి, ఆ పిల్లాడి బర్త్ సర్టిఫికెట్, తల్లీ తండ్రీ ఇద్దరి పేర్లూ ఉన్నది, కచ్చితంగా పట్టుకెళ్లు. ఆఖరి నిమిషంలో మీ ఆయనకి లీవు దొరక్క నువ్వూ అత్తమ్మే వెళ్లాల్సొస్తే ఆయన ఒప్పుకోలు పత్రం కూడా కావాలి.

అత్తమ్మ విషయంలో మీరు భయపడేదానికంటే ఈజీ. సఫారీ అంటే నడవడం కాదు, కూర్చోవడం. జీపు ఎక్కడం దిగడం ఒక్కటే కష్టం, మెట్టు ఎత్తుగా ఉంటుంది, ముందు వరసలో డ్రైవర్ వెనక సీటు అడుగు, అక్కడ కుదుపు తక్కువ. చలి గురించి ఎవరూ చెప్పరు, ఆఫ్రికా అంటే ఎండ అనుకుని కాటన్ చీరలు సర్దుకుంటారు, తెల్లారి ఐదున్నరకి ఓపెన్ జీపులో గాలి కొడుతుంటే అక్టోబర్‌లో కూడా పళ్లు టకటకలాడతాయి, స్వెటర్, చెవులకి మఫ్లర్, సాక్సులు. షుగర్ ఉంది కాబట్టి ఉదయం డ్రైవ్‌కి ముందు ఏదో ఒకటి తినే ఎక్కాలి, మధ్యలో కాఫీ, రస్కులు ఇస్తారు కానీ అది ఎనిమిది దాకా రాదు. తిండి విషయం లాడ్జికి ముందే చెప్తే పప్పు, కూరగాయలు వండి పెడతారు, కాకపోతే వాళ్ల వెజిటేరియన్‌లో కోడిగుడ్డు ఉంటుంది, అది విడిగా రాయాలి. వంటిల్లున్న కాటేజీ తీసుకుంటే ఇంకా హాయి, చిన్న కుక్కర్, కందిపొడి, మాగాయ చాలు మూడు రోజులు గడిచిపోతాయి. పొడులూ పచ్చళ్లూ గట్టిగా సీల్ చేసి చెక్-ఇన్ లగేజీలో పెట్టు, పళ్లు, విత్తనాలు, పాలతో చేసినవి మాత్రం పెట్టకు, కస్టమ్స్‌తో పేచీ. అక్కడ కోతుల్ని తక్కువ అంచనా వేయొద్దు, తిరుమల కోతులు వీటి ముందు పసిపిల్లలు, వరండాలో పెట్టిన ఫ్రిజ్ తలుపు తీయడం వాటికి వచ్చు. మా అమ్మ నెల్లూరు నుంచి మోసుకొచ్చిన జంతికల డబ్బా ఒక బబూన్ చంకలో పెట్టుకుని చెట్టెక్కి, మూత తీసి, ఒక్కోటీ విరిచి తింటూ మమ్మల్నే చూసింది.

సరే, క్రికెట్‌కొద్దాం, నీ అసలు బాధ అదే కదా. టికెట్ చేతికొచ్చే దాకా డబ్బు వాపసు రాని రూమ్ ఒక్కటి కూడా బుక్ చేయకు, టికెట్లు ఐసీసీ అధికారికంగా అమ్మే చోటే కొను. 14 జట్లు, ఏడేసి చొప్పున రెండు గ్రూపులు, అంటే గ్రూప్‌లోనే మనకి ఆరు మ్యాచ్‌లు, మొత్తం 54లో సౌతాఫ్రికాలో 44, మిగతా పది జింబాబ్వే, నమీబియాల్లో. మూడు ఇండియా మ్యాచ్‌లు చూడాలన్న ఆశ వదులుకో, ఒకటి ఇండియాది, ఒకటి వేరే ఎవరిదైనా, అంతే. వేరే జట్ల మ్యాచ్ అంటే తేలిగ్గా తీసుకోకు, టికెట్ చవక, సెంచూరియన్‌లో గడ్డి గట్టు మీద దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు, పిల్లాడు దొర్లుతూ ఆడుకుంటాడు, అత్తమ్మ కావాలంటే కాళ్లు చాపుకుని ఒక కునుకు తీస్తారు, ఇండియా మ్యాచ్‌లో ఆ వెసులుబాటు ఎక్కడిది. అయితే ఎండ చూసుకో, ఆ ప్రాంతమంతా ఎత్తు, జొహన్నెస్‌బర్గ్ సముద్రమట్టానికి 1,700 మీటర్ల పైన, చల్లగానే ఉందనుకుంటాం, సాయంత్రానికి చర్మం ఊడుతుంది. ఆ ఎత్తు వల్లే బంతి కూడా అలా ఎగురుతుంది, 2006లో వాండరర్స్‌లో ఆస్ట్రేలియా 434 కొడితే సౌతాఫ్రికా 438 కొట్టి గెలిచింది కదా.

హైదరాబాద్ నుంచి వెళ్తున్నావు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను, వాండరర్స్ మనదే. 2009లో ఎన్నికల వల్ల ఐపీఎల్ సౌతాఫ్రికాకి వెళ్లినప్పుడు ఫైనల్ అక్కడే, మన దక్కన్ ఛార్జర్స్‌కీ బెంగళూరుకీ, మే 24న, అక్కడి చలికాలం మొదట్లో, ఒళ్లంతా శాలువా కప్పుకుని కూర్చున్నాం. గిల్‌క్రిస్ట్ మొదటి ఓవర్లోనే కుంబ్లేకి డకౌట్, మా ఆయన లేచి కారు తీస్తానన్నాడు, కూర్చోమన్నా. గిబ్స్ ఆఖరి దాకా నిలబడి 53 కొట్టాడు, 143 చేశాం, బెంగళూరు 137 దగ్గర ఆగింది, ఆరు పరుగులు! హైదరాబాద్ పేరుతో కప్పు గెలవడం నా కళ్లతో చూశానంటే ఇప్పటి పిల్లలు దక్కన్ ఛార్జర్స్ ఎవరంటారు, పోనీలే. ఇప్పటి పిల్లలకి చెప్పాలంటే తిలక్ వర్మ 2024 నవంబర్‌లో రెండు రోజుల తేడాలో సెంచూరియన్‌లో 107, వాండరర్స్‌లో 120, రెండూ నాటౌట్, నువ్వు కూర్చోబోయే ఆ రెండు గ్రౌండ్లలోనే. కేప్‌టౌన్ న్యూలాండ్స్ కూడా మనకి అచ్చొచ్చిందే, 2024 జనవరిలో సిరాజ్ 15 పరుగులకి ఆరు తీసి సౌతాఫ్రికాని 55కి చుట్టేశాడు, కానీ ఆ టెస్టు రెండో రోజే అయిపోయింది, అయిదు రోజుల టికెట్లు కొని హోటల్ కట్టుకున్నవాళ్ల పరిస్థితి ఊహించుకో, నేను ముందు నుంచీ చెప్తున్నది ఇందుకే, మ్యాచ్ ఒక్కదాన్నే నమ్ముకుని ట్రిప్ కట్టకు, గ్రౌండ్ చూసి అడవి ఎంచుకున్నాక రోజులు మాత్రం అడవి చుట్టూ కట్టి మ్యాచ్‌ని దానికి తగిలించు.

అలా తగిలించేటప్పుడు ముందు అడవి, తర్వాత మ్యాచ్, మధ్యలో ఒక రోజు ఖాళీ. ఈ ఖాళీ రోజు నేను అనుభవం మీద చెప్తున్నా. 2013 డిసెంబర్‌లో వాండరర్స్‌లో ఇండియా వన్డే, పిలానెస్‌బర్గ్‌లో ఉదయం డ్రైవ్ చేసుకుని మధ్యాహ్నానికి గ్రౌండ్‌కి వెళ్లిపోదాం, రెండున్నర గంటలే కదా అని మా ఆయన ఉత్సాహం. గేటుకి రెండు కిలోమీటర్లు ఉందనగా రోడ్డు మధ్యలో ఒక మగ ఏనుగు, పక్కకి పోదు, ముందుకి రాదు, చెవులు ఆడిస్తూ నిలబడింది, హారన్ కొట్టకూడదు, దాన్ని దాటకూడదు, మా వెనక పదకొండు కార్లు. నలభై నిమిషాలయ్యాక తీరిగ్గా చెట్లలోకి వెళ్లింది. అక్కణ్నుంచి దారిలో రోడ్డు పని, ఊళ్లో ట్రాఫిక్, మేము సీట్లలో కూర్చునేసరికి పదిహేను ఓవర్లు అయిపోయాయి, ఒక్క వికెట్టూ పడలేదు. డికాక్ 135 కొట్టాడు, మనం 141 పరుగుల తేడాతో ఓడాం. తిరిగొస్తూ మా ఆయన అన్నాడు, ఆ ఏనుగు మన మంచి కోసమే ఆపింది, మనమే అర్థం చేసుకోలేదు అని.

నెల విషయంలో మీకు అదృష్టం బాగుంది. అక్టోబర్ అంటే అక్కడ ఎండాకాలం వానలకి ముందు, చెట్లు మోడు, గడ్డి పలచన, నీళ్లు కొన్ని గుంటల్లోనే, జంతువులన్నీ అక్కడికే వస్తాయి, వెతకక్కర్లేదు. నవంబర్‌లో వానలు పడగానే పచ్చదనం వస్తుంది, ఫొటోలు అందంగా ఉంటాయి, ఇంపాలా జింకలు ఈనే కాలం, పిల్లలు గంతులేస్తుంటే మీ బాబుకి పండగే, కానీ ఆకు దట్టమైతే పులుల్లాంటివి, అదే సింహాలూ చిరుతలూ, పక్కనే పడుకున్నా కనపడవు. కాబట్టి అక్టోబర్ రెండు మూడు వారాలకి ఓటేస్తా. దసరా కూడా అప్పుడే వస్తోంది, సద్దుల బతుకమ్మ అయ్యాకే బయల్దేరండి, అది ఆడకుండా హనుమకొండ అత్తమ్మని విమానం ఎక్కించగలవా ఏంటి.

అడవికి ఎన్ని రాత్రులు అంటే మూడు, తగ్గొద్దు. మొదటి డ్రైవ్‌లో అందరూ సింహం సింహం అంటూ ఉంటారు, జిరాఫీని కూడా సరిగ్గా చూడరు, మూడో డ్రైవ్‌కి గానీ కళ్లు కుదురుకోవు, అప్పుడు దుమ్ములగొండి బొరియ, పక్షి గూడు, అన్నీ కనపడతాయి. నా లెక్కలో టెస్టు మ్యాచ్ చూడగలిగినవాళ్లే సఫారీని ఇష్టపడతారు, ఇరవై ఓవర్ల మనుషులు పావుగంట ఏం కదలకపోతే ఫోన్ తీసేస్తారు. మీ ఆయనకి రెండు మాటలు, స్టేడియంలోకి అంత పెద్ద లెన్స్ సాధారణంగా రానివ్వరు, మ్యాచ్ రోజు అది హోటల్ లాకర్‌లో ఉండాలి, రెండోది, ఖడ్గమృగం ఫొటో తీస్తే ఫోన్‌లో లొకేషన్ ఆపేసి తీయాలి, ఎక్కడ తీశారో పోస్టులో రాయకూడదు, వేటగాళ్లు ఆ ఫొటోలు చూసే వస్తారు. కొమ్ము కోసేసిన ఖడ్గమృగాలు కనపడితే బెంగపడొద్దు, వాటిని బతికించడానికి పార్కువాళ్లే మత్తిచ్చి కోస్తారు, గోరు కత్తిరించినట్టే, మళ్లీ పెరుగుతుంది.

మ్యాచ్ జొహన్నెస్‌బర్గ్‌లో కాకుండా వేరేచోట పడితే? డర్బన్‌లో పడితే ఇంక ఆలోచించకు, ఉత్తరంగా మూడు గంటల్లో శ్లుశ్లువే-ఇంఫొలోజి, రాసేదొకటి పలికేదొకటి, ఏదోలా పలుకు. 1895లో కాపాడిన అడవి, ఆఫ్రికాలోకెల్లా పాతవాటిలో ఒకటి, తెల్ల ఖడ్గమృగాల్లో దక్షిణపు రకం మొత్తం ఒక దశలో ఇక్కడే మిగిలితే 1960లలో ఇక్కణ్నుంచే మిగతా పార్కులకి పంపి బతికించారు. మలేరియా రిస్క్ అక్కడ తక్కువే గానీ డాక్టర్‌ని అడిగే వెళ్లు. నిజానికి నీకోసం కాదు, మీ అత్తమ్మ కోసం నాకు డర్బన్ అంటేనే ఇష్టం. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ చెరకు తోటల కూలీల్ని తెచ్చి దింపింది అక్కడే, ఆ తర్వాత యాభై ఏళ్లు వచ్చిన ఓడల్లో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఊళ్లో ఏ బోర్డు చూసినా నాయుడు అన్న ఇంటిపేరు వాళ్ల స్పెల్లింగులో కనపడుతుంది, ఆంధ్ర మహాసభ 1931 నుంచీ నడుస్తోంది, ఉగాది చేస్తారు. తెలుగు మాట్లాడేవాళ్లు ఇప్పుడు తక్కువ, కానీ ఒకసారి గుడి దగ్గర ఒక ముసలావిడ నా చీర కొంగు పట్టుకుని ఇంగ్లీషులో ఏదో అంటూ మధ్యలో ‘అమ్మమ్మ’ అంది, ఆ ఒక్క మాటే మిగిలిందట వాళ్లింట్లో. యువరాజ్ ఆరు సిక్సులు కొట్టింది కూడా ఆ ఊళ్లోనే, 2007లో, కింగ్స్‌మీడ్‌లో.

గెబెఖాలో, అదే పాత పోర్ట్ ఎలిజబెత్, సెయింట్ జార్జెస్ పార్క్‌లో పడితే ఆడో ఏనుగుల పార్కు గంట దూరం, మలేరియా లేదు, మీ అందరిలో ఎక్కువ సుఖపడేది మీ మోకాళ్ల అత్తమ్మే. 1931లో మొదలుపెట్టినప్పుడు పదకొండు ఏనుగులే, ఇప్పుడు ఆరు వందల పైన. గ్రౌండ్‌లో ఇత్తడి బ్యాండ్ రోజంతా వాయిస్తూనే ఉంటుంది, తలనొప్పి మాత్ర బ్యాగులో ఉండాలి. కేప్‌టౌన్‌లో పడితే మాత్రం సఫారీ మాట ఎత్తకు, దగ్గర్లో ఉన్నవి చిన్న కంచె పార్కులు, అంత దూరం వెళ్లి జూ చూసినట్టుంటుంది. బౌల్డర్స్ బీచ్‌లో పెంగ్విన్లు, హెర్మానస్‌లో నవంబర్ దాకా ఒడ్డు నుంచే కనపడే తిమింగలాలు, వాటితో సరిపెట్టుకుని సఫారీకి వేరేచోటికి విమానం ఎక్కాలి. జింబాబ్వే బులవాయోలో పడితే మటోబో కొండలు ఊరి పక్కనే, హ్వాంగే అడవి జలపాతం దారిలో, విండ్‌హుక్‌లో పడితే ఎటోషా, అక్టోబర్ ఎండకి అక్కడి నీటి గుంటల దగ్గర జాతర జరుగుతుంది, కానీ 40 డిగ్రీలు, మీ టీమ్‌కి నేను చెప్పను. విక్టోరియా జలపాతం లిస్టులోంచి కొట్టేయ్, అక్టోబర్, నవంబర్ అంటే నీళ్లు బాగా తగ్గిపోయే నెలలు, జాంబియా వైపు చాలా మేర బండరాళ్లే కనిపిస్తాయి. జలపాతం దగ్గర జింబాబ్వే వైపు కొత్త స్టేడియం కడుతున్నారు, అందులో నీకు టికెట్ దొరికితే అప్పుడు లెక్క వేరు, ఆ పక్షంలో సౌతాఫ్రికా వీసా రెండుసార్లు లోపలికి వచ్చేలా తీసుకో, లేకపోతే వెనక్కి రానివ్వరు.

విమానం చవగ్గా దొరికిందని ఆడిస్ అబాబా, నైరోబీల మీదుగా బుక్ చేసేముందు ఎల్లో ఫీవర్ రూలు చదువు. లేఓవర్ 12 గంటలు దాటినా, ఊళ్లోకి అడుగుపెట్టినా టీకా సర్టిఫికెట్ అడుగుతారు, టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, నారాయణగూడ ఐపీఎంలో, అదే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, వేస్తారు. అరవై దాటినవాళ్లకి ఆ టీకా వేయడానికి డాక్టర్లు వెనకాడతారు, కాబట్టి అత్తమ్మతో దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో వెళ్లడమే మేలు, పదో పరకో ఎక్కువైనా.

అంటే మీ లిస్టు ఇప్పుడు ఇలా మారాలి, జొహన్నెస్‌బర్గ్‌లో దిగి ఒక రోజు నిద్రపోయి, పిలానెస్‌బర్గ్ మూడు రాత్రులు, వెనక్కొచ్చి ఒక రోజు ఖాళీ, వాండరర్స్‌లోనో సెంచూరియన్‌లోనో మ్యాచ్, మిగిలిన రోజుల్లో గంట విమానంలో డర్బన్, అక్కడ రెండో మ్యాచ్ దొరికితే మ్యాచ్, లేకపోతే సముద్రం. డే నైట్ మ్యాచ్ అయితే ముగిసేసరికి గౌట్రెయిన్, అదే అక్కడి సిటీ రైలు, ఉంటుందన్న భరోసా లేదు, తిరుగు క్యాబ్ ముందే మాట్లాడుకో.

ఒకవేళ ఆడో వైపే వెళ్లడం జరిగితే అత్తమ్మకి ఇప్పుడే చెప్పెయ్, కారులో బత్తాయిలు, కమలాలు, నిమ్మకాయలు పెట్టకూడదు. ఒకప్పుడు ఏనుగులు బయటికి పోకుండా నారింజలు పోసి మరిపారట, వాటికి ఆ రుచి ఎంత అలవాటైందంటే కార్ల మీద పడేవట, అందుకని నిమ్మజాతి పళ్లు పార్కులోకి నిషేధం. నిమ్మకాయ పులిహోర లెక్కలోకి వస్తుందా అని మా పిన్ని గేటు దగ్గర గార్డుని అడిగింది, అతను వాసన చూసి, ఆలోచించి, చింతపండుది అయితే తీసుకెళ్లండి అన్నట్టు చెయ్యి ఊపాడు.